దుప్పటి రెండో కొస

అక్కా,

నేను కులాసా. దగ్గు పూర్తిగా తగ్గింది, బెంగపెట్టుకోకు.

ఇక్కడ హోటలు లాండ్రీలో ఒక్కో దుప్పటిని ఇద్దరం చెరో కొసా పట్టి మడతపెడతామని రాశాను కదా. నా ఎదుటి కొస పట్టేది ఈ దేశపు మనిషే, మేం పొడుగమ్మ అంటాం. మొన్న మాటల్లో నా జీతం చెబితే నోరు వెళ్ళబెట్టింది. తనది నాదానికి ఒకటిన్నర రెట్లట! బయటిదేశాల నుంచి వచ్చినవాళ్ళందరికీ ఇంతేనన్నాను.

మర్నాడు తన కొస పట్టుకుని కదలకుండా నిలబడింది. వెనక దుప్పట్లు గుట్టపడ్డాయి. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు.

"ఈమెకి ఒకటిస్తే నాకు ఒకటిన్నర ఇస్తున్నారుగా! నా వైపు ఒకటిన్నర మడత వేద్దామని చూస్తున్నా. దుప్పటి ఒప్పుకోవట్లేదు" అంది.

నవ్వాపుకోలేక చచ్చాం. మిగతా జంటలు కూడా చేతులు దించేశాయి. మధ్యాహ్నానికి మేనేజరే దిగొచ్చాడు. మాకు అనుభవం లేదని తక్కువిచ్చారట. అనుభవం ఉన్నట్టు కాగితం చూపిస్తే ఒకటో తారీఖు నుంచి అందరికీ ఒకటే జీతమన్నాడు. మరి తొమ్మిదేళ్ళు మన దగ్గర లాండ్రీలో నేను గాడిదలు కాశానా? ఇవాళ మా గదిలో అందరం ఇంటికి కార్డులే రాస్తున్నాం.

నా ట్రంకుపెట్టె అడుగున, పాత చీరల కింద ఆ లాండ్రీవాళ్ళిచ్చిన సర్టిఫికెట్ ఉంది. కార్డు అందిన రోజే రిజిస్టర్ పోస్టులో పంపు. బావ చేతికివ్వకు, జేబులో పెట్టుకుని మర్చిపోతాడు. అమ్మ మోకాలు ఎలా ఉంది? కుళాయి కారడం ఆగిందా?

చోటు అయిపోయింది. నా కూతురికి ముద్దులు. నీతో దుప్పటి మడతపెట్టేటప్పుడు ఎదుటి కొస పట్టినవాళ్ళ మొహం చూడమను. నేను ఏడాదిపాటు దుప్పటే చూశాను.

నీ చెల్లెలు