మీ పిల్లలకి కొత్త మాస్టారు

ఏమండీ,

మీరు వెళ్లి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే మీ ఫోటో ముందు దీపం పెట్టి, హాల్లో మీ జూడో మ్యాట్లు దులిపి పరిచాను. నేర్పేవాళ్లు లేక మీ శిష్యులు ఒక్కొక్కరే మానేశారు. ముగ్గురమ్మాయిలే మిగిలారు. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే వాళ్లూ మానేస్తారు. అందుకే వాళ్లలో ఒకతి, నకరికల్లు శిరీష, ఫోన్లో వచ్చే వీడియో పాఠాలకి చందా కడదామని రెండు రకాలు చూసిపెట్టి, మిగతా ఇద్దరితో వచ్చింది.

"ఏదో ఒకటే తీసుకోగలం. నువ్వే చెప్పు పిన్నీ" అంది.

"నాకేం తెలుసే?"

"ఇన్నేళ్లూ వంటింట్లోంచి చూశావుగా!"

మొదటి దాంట్లో ఒక కుర్రాడు వస్తూనే ఎదుటివాణ్ణి ఎత్తి పడేశాడు. పిల్లలకి అది చానా నచ్చింది. రెండో దాంట్లో ఒక పెద్దాయన మ్యాటు ముందు నిలబడి, మీలాగే నడుం వంచి నమస్కరించాడు. నేను గబుక్కున లేచి చేతులు జోడించాను.

పిల్లలు పడీ పడీ నవ్వారు. "ఏంది పిన్నీ, ఆయనకి నువ్వు కనపడతావా ఏంది?"

"కనపడనులేవే" అన్నాను.

ఆయన ఎవరినీ పడేయలేదు. దెబ్బ తగలకుండా ఎలా పడాలో, అరచేత్తో మ్యాటుని ఎలా చరచాలో చూపించాడు. శిరీష నవ్వు ఆపేసింది.

"మన సారు కూడా మొదటి నెలంతా ఇదే నేర్పారు. ఇదే తీసుకుందాం" అంది.

వాళ్లు వెళ్లాక ఆ పాఠం మళ్లీ పెట్టుకున్నాను. ఆ చప్పుడు వింటూ కూర తరిగాను. చివర్లో ఆయన మళ్లీ వంగి నమస్కరించాడు. కత్తిపీట పక్కన పెట్టి లేచి చేతులు జోడించాను. ఈసారి నవ్వడానికి ఎవరూ లేరు.