కొమ్ములు కాదు, పళ్లు చూడాలి

బావకు,

ఫోన్‌లో చెబితే అక్క వింటుందని, ఊరికొస్తున్న రామాంజనేయులు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. చదివి చించెయ్యి.

జహ్రా దగ్గర తోటలో నేను మేపే జింకల్లో ఒక మగదాన్ని శుక్రవారం మా కఫీల్, అదే నన్ను ఈ దేశానికి పనికి తెప్పించుకున్న అరబ్బు యజమాని, ఆయన చుట్టాలు కాలుస్తారట. నిన్న ఆయన తుపాకీతో వచ్చి పెద్ద కొమ్ములదాన్ని చూపించాడు. అది మంచి వయసులో ఉంది, మందను అదుపులో పెట్టేది అదే. అది పోతే కుర్రవి పొడుచుకుని చస్తాయి, నింద నా మీదికొస్తుంది.

"వద్దు బాబా, కొమ్ములు చూసి కాల్చగూడదు. వయసు చూడాల" అన్నాను. నువ్వు గొర్రెలకు చూసినట్టే, మందలోని ముసలి మగదాన్ని పట్టి పెదవి ఎత్తి అరిగిన పళ్లు చూపించాను. "దీనికింక మేత దండగ. దీన్నే కాల్చండి."

ఆయనకు ఆ మాట బాగా నచ్చింది. తుపాకీ భుజాన వేసుకుని, "నీకెన్నేళ్లు?" అని అడిగాడు.

యాభై అన్నాను. నిజం నీకు తెలుసు. ముందు పళ్లు ఊడిన నా నోటి వైపే చూస్తూ నిలబడ్డాడు.

వచ్చే నెల నా ఇఖామా, ఇక్కడ ఉండనిచ్చే కాగితం, గడువు అయిపోతుంది. పొడిగించాల్సింది ఆయనే. అప్పటిదాకా ఆయన ముందు నవ్వను.

నీ బావమరిది