పొట్ట సంగతి ఎవరికీ తెలియరాదు

ఫిబ్రవరి 15, ఆదివారం. సాయంత్రం 5:30
ఆసుపత్రి నాలుగో అంతస్తు. కిటికీ పక్క మంచం.

రేపు ఉదయం నా జీర్ణాశయంలో ముప్పాతిక భాగం కోసి తీసివేస్తారు. మిగిలేది ఒక అరటిపండంత.

వయస్సు: అరవై ఆరు.
బరువు: నూట ఇరవై నాలుగు కిలోలు.
మోకాళ్ళు: రెండూ రాజీనామా సమర్పించాయి.
చక్కెర: ఏ మాత్రకూ లొంగని స్థితి.

డైరీ మొదలుపెట్టింది వీటిని వ్రాసుకోవడానికి కాదు. ఒక తీర్మానాన్ని నమోదు చేయడానికి.

తీర్మానం: ఈ శస్త్రచికిత్స సంగతి సంఘంలో ఒక్కరికీ తెలియరాదు.

కారణం: ముప్పై ఏళ్ళు బడిలో పద్యం చెప్పాను. ఇరవై రెండేళ్ళుగా వైట్‌ఫీల్డ్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్దగా ఉండి దేవుని వాక్యం చెబుతున్నాను. నా ప్రసంగాలలో మిక్కిలి పేరు పొందినది ఆశానిగ్రహాన్ని గురించినది. ఏటా ఒకసారి అడిగి మరీ చెప్పించుకుంటారు. ఆశను అణచుకొమ్మని అంతకాలం బోధించిన మనిషికి తన ఆశను అణచడానికి కత్తి కావలసి వచ్చిందని తెలిస్తే, ఆ వేదిక మీద మళ్ళీ ఏ ముఖంతో నిలబడగలను?

తెలిసినవారు: నా భార్య హన్నా, మా అమ్మాయి హెప్సిబా. హెప్సిబా నర్సు గనుక రహస్యాలు దాచడం ఆమె వృత్తి. హన్నాకు అటువంటి వృత్తి లేదు. ఆమె చేత ప్రమాణం చేయించబోయాను.

"ప్రమాణాలు చేయకూడదని మీరే కదా చెప్పిండేది" అన్నది.

అడిగినవారికి "విశ్రాంతి తీసుకుంటున్నారు" అని చెప్పాలి. అది అసత్యం కాదు. నిలుస్తుంది ఈ తీర్మానం.

ఫిబ్రవరి 16, సోమవారం. సాయంత్రం 6:00
ముగిసింది. ఉన్నాను.

పొట్ట మీద ఐదు చిన్న గాట్లు, వాటిపై ఐదు పట్టీలు. కాళ్ళకు బిగుతు మేజోళ్ళు. చేతికి మూడు బంతులున్న ఒక ప్లాస్టిక్ పరికరం. గాలి పీల్చి బంతులను పైకి లేపాలి. రెండు లేచాయి. మూడవది నా మాట వినే రకం కాదు. అటువంటి విద్యార్థులను చాలామందిని చూశాను.

నాలుగు గంటలకే నర్సు వచ్చి నడిపించింది. "పడుకుంటే రక్తం గడ్డ కడుతుంది, నడవాల తాతా" అన్నది. నడిచాను. మేజోళ్ళతో, గౌనుతో, వెనుక ముడి విడిపోయి. మా సంఘస్థులు ఒక్కరూ ఆ వరండాలో లేకపోవడం కృప.

ఫిబ్రవరి 17, మంగళవారం
ఉ. 8:00. ముప్పై మిల్లీలీటర్ల నీళ్ళు. పావుగంటలో కొంచెం కొంచెంగా చప్పరించాలి. గుటక వేయరాదు. స్ట్రా వాడరాదు.
8:15. మళ్ళీ.
8:30. మళ్ళీ.
9:00. ఆకలి లేదు. ఆశ్చర్యం. నోరు మాత్రం దోసె అంటున్నది.
9:40. కోసినది పొట్టలో, నొప్పి ఎడమ భుజంలో. శస్త్రచికిత్స వేళ లోపల నింపిన గాలి అక్కడికి చేరిందట. పొట్ట చేసిన నేరానికి భుజానికి శిక్ష. నడిస్తే తగ్గుతుందన్నారు. నడిచాను. తగ్గింది.
11:00. ఒక ఆటవెలది వచ్చింది.

చిట్టి గిన్నెలోన చెంచాడు నీటికి
గడియసేపు పట్టె కంఠమందు
గంపెడన్న మిట్టె గబగబా మ్రింగిన
పొట్ట నేడు చూడ బుద్ధి గలది

హెప్సిబాకు వినిపించాను. "బాగుంది డాడీ. మీరు పద్యం చెప్పేలోపు రెండు కప్పులు మిస్ అయినారు" అన్నది.

ఫిబ్రవరి 18, బుధవారం. మధ్యాహ్నం 2:00
ఇంటికి పంపారు. మూడు వారాలు ద్రవాలే, ఆ పిమ్మట రెండు వారాలు మెత్తగా మెదిపినవి. గట్టి పదార్థం మార్చి చివరిలోనే.

కారులో హన్నా ఫోను చూస్తూ, "అందరూ నుదుటి మీద బూడిద పెట్టుకోని ఫోటోలు పంపిస్తా ఉండారు" అన్నది.

భస్మ బుధవారం. శ్రమకాలం మొదలు. ఇకపై నలభై దినాలు మా వాళ్ళలో సగం మంది ఉపవాసాలలో ఉంటారు. శస్త్రచికిత్స తేదీ నిశ్చయించేటప్పుడు డాక్టరుగారి సెలవులు చూశాను, హెప్సిబా డ్యూటీలు చూశాను. సంఘపు క్యాలెండరు చూడలేదు. సంఘ పెద్దను.

అయితే ఇదీ మేలే. తినడం లేదేమని ఈ నలభై దినాలు ఎవరూ అడగరు. తీర్మానానికి కాలమే కాపలా.

ఫిబ్రవరి 21, శనివారం. ఉదయం 11:00
ఎబినేజర్ వచ్చాడు. చెప్పకుండా, హొసకోటె నుంచి బస్సులో, ఒక డబ్బా నిండా కరకరలాడే నిప్పట్లతో. నలభై ఏళ్ళ స్నేహితుడు. బస్సు డ్రైవరుగా పనిచేసి విరమించాడు. సంఘంలో మొదటినుంచీ డోలక్ వాయిస్తాడు.

"ఏమప్పా జయరాజూ, ఫోన్ ఎత్తవు, బుధవారం చర్చికి రాలేదు, బతికుండావా లేదా? తీసుకో, కోడలు చేసింది." డబ్బా మూత తీశాడు. నేను చేయి అడ్డం పెట్టాను. నా జీవితంలో నిప్పట్టుకు చేయి అడ్డం పెట్టడం అదే ప్రథమం. అతడు అనుమానంగా చూశాడు.

వంటింట్లోంచి హన్నా, "ఆయనేమీ తినడం లేదన్నా. నీళ్ళే" అన్నది.

ఎబినేజర్ కళ్ళద్దాలు తీశాడు. "బుధవారం నుంచా?"

"సోమవారం నుంచి" అన్నది హన్నా.

"అందరికంటే రెండు దినాలు ముందే మొదలుపెట్టినావా" అన్నాడు. లేచి నా పాదాలకేసి వంగబోయి, నడుము పట్టేసి ఆగాడు.

నేనేమీ అనలేదు. ఆ వేళకు గిన్నె నోటి దగ్గర ఉన్నది. చప్పరించేటప్పుడు మాట్లాడితే లోపలికి గాలి పోతుంది. వైద్యుని ఆజ్ఞ.

ఫిబ్రవరి 22, ఆదివారం
ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నానికి ముప్పై ఎనిమిది కాల్స్.

పాస్టరు జోనా గారు స్వయంగా ఫోను చేశారు. వయసులో చిన్నవారు, భారీ మనిషి. "అయ్యా, ఎబినేజర్ గారు ఈ ఉదయం ఆరాధనలో అందరి ముందూ సాక్ష్యం చెప్పారండి. మీరు ఈ వయసులో నీళ్ళ మీద ఉన్నారని విని యూత్ అంతా కదిలిపోయారు. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు రావాలి మీరు."

నిజం చెప్పడానికే నోరు తెరిచాను. త్రేనుపు వచ్చింది. ఈ దినాలలో అవి అనుమతి అడగవు.

"ఆత్మలో ఎంత భారంగా ఉన్నారో వినిపిస్తోందయ్యా" అన్నారు పాస్టరుగారు.

ఫిబ్రవరి 27, శుక్రవారం. సాయంత్రం 4:00
బరువు: నూట పదిహేడు.

ఉపవాస ప్రార్థనకు వెళ్ళాను. ముందు వరుసలో కుర్చీ వేశారు. ఫ్లాస్కులో ప్రోటీను పొడి కలిపిన పల్చని మజ్జిగ, వేడినీళ్ళని అనుకున్నారు. ముఖం వెలుగుతున్నదని నలుగురు అన్నారు. చక్కెర దిగితే ముఖాలు వెలుగుతాయి.

ఇది అసత్యమా? విచారించాను.
ఒకటి: ఉపవాసమని నేను అనలేదు.
రెండు: తినడం లేదన్నది యథార్థం.
మూడు: నా వలన కొందరు ప్రార్థనలో పడ్డారు.
నాలుగు: నాలుగవది దొరకలేదు.

సత్యానికీ అసత్యానికీ నడుమ ఒక ఇరుకు సందు ఉన్నది. అందులో నిలబడి ఉన్నాను. ఏడు కిలోలు తగ్గాను గనుకనే పట్టాను.

ఇంకొకటి కూడా వ్రాయక తప్పదు. ఆ కుర్చీ నాకు నచ్చింది.

మార్చి 4, బుధవారం. ఉదయం 10:00
ఎబినేజర్ కోడలు హన్నాకు ఫోను చేసింది. "మామ నిన్నటి నుంచి ఏమీ తినడం లేదత్తా. రేత్రి గలాసు మజ్జిగ, అంతే. షుగర్ మాత్రలు మాత్రం ఏసుకుంటా ఉండాడు. జయరాజు అయివారే ఉండంగా నాకేమి అంటాడు."

హెప్సిబా పక్కనే ఉన్నది. "మీల్స్ లేకుండా ఆ టాబ్లెట్స్ వేసుకుంటే షుగర్ పడిపోతుంది డాడీ. పడిపోతే మనిషే పడిపోతాడు. అంకుల్‌కి నిజం చెప్పేయండి."

ఎబినేజర్‌కు చెబితే హొసకోటె బస్సు మొత్తానికి చెప్పినట్టు. ముందు వేరే మార్గం ప్రయత్నించాను.

"రోగులకు ఉపవాస నియమం లేదు ఎబినేజర్. తిను" అన్నాను ఫోనులో.

"నీకు షుగర్ లేదా? నాకంటే జాస్తి ఉండాది కదప్పా."

"నా సంగతి వేరు."

"అందరూ అదే అంటాండారు, అయివారి సంగతి వేరని. ముప్పై ఐదేండ్లు బస్సు తోలినోణ్ణి, ఆకలి నాకు కొత్తనా? నువ్వు తిను, నేనూ తింటా. లేకుంటే సుమ్నె నోరు మూసుకోని ఉండు."

"నేను మజ్జిగ తాగుతున్నాను."

"మజ్జిగ నేనూ తాగతాండా. అది లెక్క కాదు. ఇడ్లీ తిను. నా కండ్ల ముందర."

మార్చి 5, గురువారం. ఉదయం 8:30
వీడియో కాల్‌లో సగం ఇడ్లీ తిందామని నిశ్చయించాను. ఒక మనిషి ప్రాణం కోసం సగం ఇడ్లీ.

8:40. ఇడ్లీ తుంచాను. హెప్సిబా ప్లేటు లాగేసుకున్నది.

"లోపలి కుట్లు ఇంకా మానలేదు. అక్కడ లీక్ అయితే మళ్ళీ ఓపెన్ చేస్తారు. ఒక అబద్ధం కాపాడుకోడానికి ఇంకో ఆపరేషన్ కావాలా డాడీ?"

8:45. తినలేను. తినకపోతే అతడు తినడు. రేపు శుక్రవారం, ప్రార్థన తరువాత ఏకాంతంగా చెబుతాను. తొందరేమీ లేదు, ఒక్క దినమే.

మార్చి 6, శుక్రవారం. సాయంత్రం 5:00
తొందర ఉన్నది.

పదకొండున్నరకు నేను వేదిక మీద ఉన్నాను. పాట సాగుతున్నది. డోలక్ దెబ్బ తప్పింది. ఎబినేజర్ చేతికి నలభై ఏళ్ళలో దెబ్బ తప్పడం నేను వినలేదు. చూశాను. చొక్కా అంతా చెమట. రెండవసారి తప్పింది. మూడవసారి డోలక్ ఒక వైపు, మనిషి ఒక వైపు.

హెప్సిబా పరుగున వచ్చి వేలు గుచ్చి చక్కెర చూసింది. యాభై నాలుగు. మెలకువ ఉన్నది, మాట తడబడుతున్నది. గ్లూకోజు నీళ్ళు పెదవులకు ఆనిస్తే పళ్ళు బిగించాడు.

"అయివారు... తింటేనే."

"తాగు" అన్నాను. "నాది ఉపవాసం కాదు. పొట్ట కోయించుకున్నాను."

కళ్ళు సగం తెరిచాడు. "నాకు తాపించేదానికి అబద్ధాలు చెప్పొద్దప్పా. పెద్దోనివి నువ్వు."

పంతొమ్మిది దినాలు నేను నోరు మూసుకుని ఉంటే దానిని నమ్మాడు. నోరు తెరిచి నిజం చెబితే అబద్ధమన్నాడు. ఇక వాదనకు వ్యవధి లేదు. సంఘమంతా చూస్తుండగా జుబ్బా పైకి ఎత్తి, వంగి, నా పొట్టను అతని ముఖానికి ఎదురుగా పెట్టాను.

ఎబినేజర్ వేలు చాపి ఒక్కొక్క మచ్చనూ తాకి లెక్కపెట్టాడు. "ఒగటి. రెండు. మూడు. ఇదేందప్పా, ఐదుండాయి."

"ఐదే. గత నెల పదహారున. ముప్పాతిక పొట్ట లేదు. తినాలన్నా తినలేను. ఇప్పుడు తాగు."

తాగాడు. ఇంకొక గ్లాసు తాగాడు. పావుగంటకు కళ్ళలోకి మనిషి తిరిగి వచ్చాడు.

"నాలుగు దినాలు ఆకలికి సచ్చినా కదప్పా" అన్నాడు. "నా కోడలు పాయసం చేసింది నిన్న. వాసన చూసి పక్కకు తిరిగి పడుకున్నా. నీ కోసరం."

క్షమించమని అడిగాను. వేదిక మీద కాదు. నేల మీద, అతని పక్కన కూర్చుని. మోకాళ్ళు ఒప్పుకున్నాయి.

ముందుగా నవ్వినది హన్నా. ఆ పిమ్మట ఆపేవారు లేకపోయారు. వెనుక వరుసలోంచి ఎవరో, "డాక్టరు ఎవరయ్యా?" అని అడిగారు.

మార్చి 8, ఆదివారం. మధ్యాహ్నం 1:00
పెద్దరికం వదులుకుంటానని లేచి చెప్పాను. ఎబినేజర్ కూర్చున్నచోటనుంచే, "కూర్చో అప్పా, ఇంకా దించేదానికి బరువు ఉండాది" అన్నాడు. సంఘం దానినే తీర్మానంగా స్వీకరించింది.

ఫోను కాల్స్: పద్దెనిమిది.
డాక్టరు నంబరు అడిగినవారు: పదకొండుగురు.
వెంట్రుకలు రాలతాయా అని అడిగినవారు: నలుగురు. (రాలతాయట, తరువాత మళ్ళీ వస్తాయట.)
ఇది పాపమా అని అడిగినవారు: ఇద్దరు.
తరువాత చర్మం ఏమవుతుందని అడిగినవారు: ఒకరు. అడిగింది తన చెల్లెలి కోసమట.

మార్చి 9, సోమవారం
ఉ. 10:00. మెదిపిన పప్పు, రెండు చెంచాలు. మూడు వారాల తరువాత ఉప్పూ పసుపూ కలిసిన రుచి. కంట నీరు వచ్చింది. వ్రాయడానికి సిగ్గుపడను.

10:30. పాస్టరు జోనా గారు వచ్చారు. లోపలికి రాగానే తలుపు గడియ వేశారు. కుర్చీ చాలలేదు, సోఫాలో కూర్చున్నారు. చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడారు. తరువాత డాక్టరు నంబరు అడిగారు.

"పండగ అయ్యాక, ఏప్రిల్‌లో అనుకుంటున్నానయ్యా. నడుం నొప్పి అని సెలవు పెడతాను. దయచేసి ఎవరికీ చెప్పొద్దు."

నంబరు ఇచ్చాను. నడుం నొప్పి మాట వద్దని చెప్పాను. ఆలోచిస్తానన్నారు.

11:30. తీర్మానం: ఈ పొట్ట సంగతి సంఘంలో ఒక్కరికీ తెలియరాదు. ఈసారి పొట్ట నాది కాదు. అందుచేత నిలుస్తుంది.

మ. 12:15. ఎబినేజర్ ఫోను. ఇప్పుడు భోజనానికి కూర్చునే ముందు ఏమి తింటున్నాడో చెప్పి, నేనేమి తిన్నానో అడిగి గాని ముద్ద ముట్టడు. రాగి సంగటి, పాలకూర పప్పు అన్నాడు. రెండు చెంచాల పప్పు అన్నాను.

"పాస్టరయ్య మీ ఇంటికి వచ్చినాడంట?"

"వచ్చారు."

"దేనికి?"

ప్రార్థనకు అని నాలుక చివరి వరకు వచ్చింది. యాభై నాలుగు అంకె గుర్తుకు వచ్చింది. ఈ మనిషికి ఇక సగం మాట చెప్పను.

"చెప్పలేను ఎబినేజర్. అది ఇంకొకరి సంగతి. అడగవద్దు."

అవతల సంగటి నమిలే శబ్దం ఆగింది.

"చెప్పకూడని సంగతి" అన్నాడు మెల్లగా. "అట్లయితే పొట్టే."

ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చాను.

"ఎప్పుడంట? ఏప్రిల్‌లోనా?"

12:20. అసత్యం ఆడలేదు. రహస్యం చెప్పనూ లేదు. అయినా పోయింది. యాభై నిమిషాలు నిలిచింది.

12:30. ఎబినేజర్‌ను మినహాయించి, ఈ క్షణం నుంచి తీర్మానం మళ్ళీ మొదలు. ఈ పూట ఇక ఫోను ఎత్తను.