గెలిచేవాడు అన్న మాట ఎల్లేశం అన్నకు

అశోక్ నగర్‌లో జిరాక్స్ షాపు నడిపే శ్రీ వీరరాఘవరావు గారికీ, శ్రీమతి హైమవతి గారికీ కుమారుడనైన సాయిచైతన్య అనే నేను, ఇరవై రెండేళ్ల వయసులో, ఎం.ఏ. తెలుగు రెండో సంవత్సరం చదువుతూ, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టంతో, నా చేతిరాతతో రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాయవలసి వస్తుందనీ అనుకోలేదు.

నా మనసు స్థిమితంగా ఉంది. మెదడు సంగతి వేరు. అందులో ఎడమ పక్క ఒక రక్తనాళం ఉబ్బి ఉందని స్కాన్‌లో తేలింది. వచ్చే బుధవారం ఆపరేషన్. మెదడు బాగాలేనివాడు మనసు బాగుందని రాసుకోవచ్చా అని మా కింది వాటాలో ఉండే అడ్వకేట్ మనోరమ గారిని అడిగాను. "కోర్టుకు మనసు బాగుంటే చాలు బాబూ, నువ్వైతే రాయి" అని ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

వీలునామాలో మొదటి ముక్క ఇంగ్లిషు నుంచి, రెండోది ఫార్సీ నుంచి వచ్చాయని క్లాసులో చెప్పారు. అయినా నాకు మాత్రం మన ‘వీలు’ అన్న మాటే వినిపిస్తుంది. ఇక వీలు చిక్కదేమోనని అనుమానం వచ్చినవాడు రాసుకునే కాగితం.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా అక్క పల్లవిది. సాక్షులు ఇద్దరు చాలు: మనోరమ గారు, నా బాక్సింగ్ కోచ్ జోగారావు సార్. వాళ్లిద్దరికీ ఇందులో నేనేమీ రాయలేదు. కోపం ఉండి కాదు. ఆస్తి తీసుకునేవాళ్లు సాక్షి సంతకం పెట్టకుండా ఉంటే మంచిదని మనోరమ గారు సలహా చెప్పారు. ఆ సలహాను నేను నా షరతుగా మారుస్తున్నాను: ఇందులో ఏదైనా పొందేవాళ్లు సాక్షిగా సంతకం పెడితే, వాళ్లకు రాసింది అప్పటికప్పుడే రద్దవుతుంది.

2. అమ్మకు, నేను చేతులకు చుట్టుకునే పట్టీలు. గ్లవుజులు తొడిగే ముందు వేళ్లు విరగకుండా చుట్టుకునే పొడవాటి గుడ్డ పట్టీలవి. వాటిని రోజూ ఉతికి డాబా మీద ఆరేసింది అమ్మే. మా ఇంట్లోకి కోడిగుడ్డు రాదు. నేను హెవీవెయిట్‌లో ఆడాలంటే ఒళ్లు పెరగాలని సార్ చెప్పిన నాటి నుంచి, అమ్మ అదే డాబా మీద వేరే స్టవ్, వేరే గిన్నె పెట్టి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గుడ్లు ఉడకబెట్టింది. ఆ గిన్నెను ఇప్పుడే పారేయొద్దమ్మా. బుధవారం దాకా ఉండనీ.

3. నాన్నకు ఒక హక్కు రాస్తున్నాను.

నేను బాక్సింగ్‌లో చేరిన రోజున నాన్న, "తలకాయ దేవుడు చదువుకోడానికిచ్చాడ్రా, గుద్దించుకోడానికి కాదు" అన్నాడు. ఆ తర్వాత నా పోటీ ఒక్కటీ చూడలేదు. పతకం తెచ్చి షాపు కౌంటరు మీద పెడితే, కాగితాలు ఎగిరిపోకుండా దాన్ని బరువుగా వాడుకున్నాడు. నాకు చాలా కోపం ఉండేది. ఇప్పటికీ కొంచెం ఉంది.

కాని స్కాన్ వచ్చాక, "నే చెప్పలా?" అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. ఈ ఉబ్బు దెబ్బల వల్లే వచ్చిందని చెప్పలేమనీ, పుట్టుకతోనే ఉండి ఉండవచ్చనీ డాక్టరు అన్నాడు. ఆ మాట కూడా నాన్న ఎవరికీ చెప్పుకోలేదు. ఆసుపత్రికి నకళ్లు కావాలంటే రిపోర్టును తనే మెషిన్ మీద బోర్లించాడు. కింద నుంచి వెలుగు నా తలకాయ బొమ్మ మీదుగా పోయింది. కాపీ వచ్చేసినా మూత మీద చేయి అలాగే ఉంచి నిలబడ్డాడు. గ్రూప్స్‌కు చదివే కుర్రాడెవరో "అంకుల్, నాది స్పైరల్ బైండింగ్" అని పిలిచేదాకా కదల్లేదు.

కనుక "నే చెప్పలా?" అనే మాటను అనే పూర్తి హక్కును మా నాన్నకు దఖలు పరుస్తున్నాను. ఎన్నిసార్లైనా అనవచ్చు. ఎవరూ అడ్డు చెప్పకూడదు. ఏడుపు లోపలే ఉంచుకోవడం కన్నా అదే మేలు.

4. చిక్కడపల్లి లైబ్రరీలో కిటికీ పక్కన, రెక్క వంగిన ఫ్యాను కింద నేను కూర్చునే కుర్చీ నాది కాదు. అయినా మూడేళ్లు కూర్చున్నాను కాబట్టి, పొద్దున్నే ముందు వచ్చినవాళ్లకు రాస్తున్నాను.

5. పల్లవి అక్కకు నా పుస్తకాలన్నీ, నిఘంటువుతో సహా.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. ఆపరేషన్‌లో ప్రాణం పోవచ్చు, లేదా ప్రాణం ఉండి మాట పోవచ్చు అని డాక్టరు చెప్పాడు. మాటలు ఉండే చోటు అక్కడే దగ్గర్లో ఉందట. మనిషి పోతేనే వీలునామా పనిచేస్తుందనీ, మాట పోతే పనిచేయదనీ మనోరమ గారు చెప్పారు. నిజం చెప్పాలంటే నాకు రెండోదే ఎక్కువ భయంగా ఉంది. మొన్న మొన్ననే కదా నాకు మాటల రుచి తెలిసింది. ‘మునిమాపు’ అన్న మాట దొరికిన రోజున, అది పోకుండా నారాయణగూడ ఫ్లైఓవర్ కింద నుంచి ఇంటిదాకా పైకే అనుకుంటూ వచ్చాను.

అందుకని ఇది షరతు కాదు, వేడుకోలు. అక్కా, నువ్వు నల్లకుంట బడిలో ఒకటో క్లాసు పిల్లలకు మాటలు నేర్పుతావు. నేను మాట లేకుండా లేస్తే నాకూ నేర్పు. విసుక్కోకు. ముందు నీళ్లు, దుప్పటి, నొప్పి. తర్వాత మునిమాపు. ‘గెలిచేవాడు’ అన్న మాట చివరికి ఉంచు. అది కష్టం. ఎందుకో ఏడో అంశంలో రాశాను.

6. మా తాలీంలో, అంటే చిక్కడపల్లి సందులోని మా వ్యాయామశాలలో, నాతో పాటు సాధన చేసే హర్షకు నా మౌత్‌గార్డు. పళ్లు రాలకుండా నోట్లో పెట్టుకునే రబ్బరు తొడుగు అది. ఉడుకు నీళ్లలో కడిగి ఇవ్వాలి. టిఫిన్ బండి దగ్గర నిలబడినప్పుడల్లా హర్ష దాన్ని పెట్టుకోవాలి. పెట్టుకుంటే మాట్లాడటం కుదరదు. ఎందుకు ఇస్తున్నానో అతనికి తెలుసు. మిగతావాళ్లకు కింద తెలుస్తుంది.

7. ఎల్లేశం అన్నకు.

నా ఆస్తిలో విలువైనది ఇదొక్కటే కనుక వివరంగా రాస్తాను.

ఎల్లేశం అన్న వయసు ముప్పై తొమ్మిది. పగలు నారాయణగూడ మార్కెట్‌కు ట్రాలీ ఆటోలో కూరగాయలు తోలుతాడు. సాయంత్రం మా తాలీంలో ఉంటాడు. నేను బళ్లో ఉన్న రోజుల నుంచీ హెవీవెయిట్‌లో రాష్ట్ర చాంపియన్ ఆయనే. ఈ ఆగస్టులో ఫైనల్ ఆయనకూ నాకూ పడింది. ఆ ఫైనల్ జరగలేదు.

వారం ముందు సాధనలో అన్న ఎడమ చేయి విసిరాడు. అది నాకు కనబడలేదు. చెంపకు తగలబోయే ముందు అన్నే పిడికిలి ఆపేశాడు. "ఇది కానరాలేదా నీకు?" అన్నాడు. చూశానన్నా అన్నాను. "చూస్తే కన్ను ఆర్పుతవ్ రా. ఆర్పలే. పా, దవాఖానకు పోదాం" అని నా గ్లవుజులు విప్పకుండానే నన్ను ట్రాలీలో క్యాబేజీ బస్తాల మధ్య కూర్చోబెట్టి తీసుకుపోయాడు. స్కాన్ తీయించింది ఆయనే. లేకపోతే ఆ నాళం రింగులోనే పగిలేదని డాక్టరు చెప్పాడు.

ఫైనల్ రోజున అన్న ఒక్కడే రింగెక్కాడు. రిఫరీ ఆయన చేయి పైకెత్తాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదట. మర్నాడు టిఫిన్ బండి దగ్గర హర్ష, "ముసలోడు భయపడ్డడు రా. చైతన్య గెలిచేటోడు. అందుకే స్కాన్ అని జెప్పి దవాఖానకు తోలిండు" అన్నాడు. సాయంత్రానికి ఆ మాట సందంతా తిరిగింది.

అన్న ఆ మాట విన్నాడు. పోయి డిసెంబర్ పోటీకి పేరు ఇచ్చి వచ్చాడు. ఆయన ఎడమ కంట్లో లోపలి పొర లేచింది. ఇంకో గట్టి దెబ్బ తగిలితే ఆ కన్ను చీకటే అని కంటి డాక్టరు చెప్పాడు. జోగారావు సార్ నా మంచం దగ్గరికి వచ్చి, "ఒరే, వాడు నా మాట వినట్లేదు, నువ్వైనా చెప్పు" అన్నారు. చెప్పాను. అన్న నవ్వాడు. "అనేటోళ్లు అంటనే ఉంటరు తమ్మీ. ఒక్కపారి ఎక్కి దిగుత, సప్పుడు బందైతది."

కాబట్టి ఆ చప్పుడును బందు చేసే పని నేనే చేస్తున్నాను.

‘గెలిచేవాడు’ అన్న మాటకు మూడు అర్థాలున్నాయి. ప్రతి ఏడూ గెలుస్తూ వచ్చినవాడు అని ఒకటి. ఇకముందు గెలవబోయేవాడు అని ఒకటి. పోటీ జరిగి ఉంటే గెలిచి ఉండేవాడు అని మూడోది. మొదటి అర్థం ఎల్లేశం అన్నది. రెండోది ఎవరిదో తెలియదు. మూడోదాన్ని సందులోవాళ్లు నాకు అంటగట్టారు. పడుకుని ఉన్నవాడికి అది ఎంత తియ్యగా ఉంటుందో చెప్పలేను. రోజూ దాన్ని దగ్గర పెట్టుకుని పడుకున్నాను. కాని అది నిజమా?

నేను అన్నను ఎప్పుడు ఓడించగలిగేవాణ్ణి? బాగా ఆలోచించాను. పోయిన ఏడాది ఎప్పుడూ కాదు. ఒక్క చేత్తో నన్ను మూలకు తోసేవాడు. ఈ ఏప్రిల్‌లో అయితే అవును. ఆయనకు విషజ్వరం వచ్చి తగ్గింది, మోకాలు వాచి ఉంది, నాకు చూపు బాగుంది. ఒక సాయంత్రం నా దెబ్బలకు అన్న తాడు పట్టుకుని నిలబడ్డాడు. సార్ ముందే గంట కొట్టేశారు. స్టూలు మీద కూలబడి అన్న, "ఇయ్యాల నన్ను సంపుతుంటివి గదరా" అని నీళ్లు నెత్తిన పోసుకున్నాడు. తర్వాత నారాయణగూడలో నాకు ఇరానీ చాయ్ తాగించి, "గెలిచేటోడు గింత మాట్లాడడు, నువ్వు మస్తు మాట్లాడుతవ్" అన్నాడు.

ఏప్రిల్‌లో పోటీ లేదు. ఆగస్టులో పోటీ ఉంది, కాని అప్పటికి నాకు ఎదుటివాడి ఎడమ చేయి కనబడటం లేదు. ఎల్లేశం అన్న ఎడమ చేతినే నమ్ముకున్నవాడు. ఇందులో ఇంకా తేల్చవలసింది ఏముంది?

కనుక, ఈ ఆగస్టులో ఫైనల్ జరిగి ఉంటే ఎల్లేశం అన్నే గెలిచేవాడని నేను రాసి ఇస్తున్నాను. ‘గెలిచేవాడు’ అన్న మాటను, దాని మూడో అర్థంతో సహా, దాన విక్రయాది సర్వహక్కులతో ఎల్లేశం అన్నకు దఖలు పరుస్తున్నాను. నాతో గానీ నా వారసులతో గానీ దీనికి ఇక సంబంధం లేదు. అన్న దీన్ని టిఫిన్ బండి దగ్గర పైకి చదివించుకోవచ్చు. దీనికి బదులుగా నేను కోరేది ఒక్కటే. డిసెంబర్‌లో రింగెక్కొద్దు.

ఏప్రిల్ మాత్రం నాది. దాన్ని ఎవరికీ రాయడం లేదు.

8. ఫైనల్ మర్నాడు అన్న చాంపియన్ బెల్టును కూరగాయల సంచిలో తెచ్చి నా మంచం మీద పెట్టి, "నీదే ఇది" అన్నాడు. తిరిగి ఇచ్చేశాను. నేను పోతే నా మీద దాన్ని కప్పొద్దు. జాలిపడి ఇచ్చింది కప్పుకుని పోవడం నాకు ఇష్టం లేదు. పూలు చాలు. ఎక్కువ వద్దు, అమ్మకు ఆ వాసన పడదు.

9. ఇంకా ఏమైనా రాయాలని ఉంది. మాటలు ఉన్నంతసేపూ రాస్తూనే ఉండాలని ఉంది. కాని అమ్మ అన్నానికి రెండుసార్లు పిలిచింది, ఇప్పుడు పిలవడం మానేసి తలుపు దగ్గర నిలబడింది. పైన రాసినవన్నీ నేను చదువుకుని, సరిగ్గా ఉన్నాయని ఒప్పుకుని సంతకం పెడుతున్నాను. ఒకచోట అక్షరాలు అలికినట్టు ఉంటే అది ఇంకు ఆరకముందే చేయి తగిలి. మనసు మారి కాదు.

అశోక్ నగర్, హైదరాబాద్
2025 సెప్టెంబర్ 14, ఆదివారం

(సంతకం) సాయిచైతన్య

సాక్షులు:

1. మనోరమ, అడ్వకేట్. సాయిచైతన్య నా ఎదుట సంతకం పెట్టాడు.

2. జోగారావు, బాక్సింగ్ కోచ్. నా ఎదుట కూడా.

3. ఎల్లేశం. నన్నెవ్వరు పిల్వలే. సార్‌ను ట్రాలీల దించనీకి వచ్చి మొత్తం చదివిన. ఒకటో అంశంల షరతు గూడ చదివిన, తెల్సే పెడుతున్న సంతకం. నీ ఆగస్టు నాకొద్దు. ఏప్రిల్ల గూడ నేనే గెలిచేటోన్ని. కాదంటవా? లేచి రా, తేల్చుకుందం. నువ్వొచ్చేదాంక నేను రింగెక్క.