ఇటుక పలక మీద పాదం

శ్రీవారికి,

ఫోన్‌లో మనం సిలిండర్ వచ్చిందా, కుళాయి కారడం ఆగిందా అని తప్ప ఇంకేమీ మాట్లాడుకోవడం లేదు. అదీ మీరు సొరంగం తవ్వే కొండ దగ్గర సిగ్నల్ దొరికితేనే. ఈ సంగతి ఫోన్‌లో ఎత్తితే "సరే, షిఫ్టుకి టైమైంది" అంటారని నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదవండి.

మొన్న మా కుట్టుకొట్టుకి ఒక పని వచ్చింది. చెప్పుల షాపుకీ, కార్లు నిలిపే పెద్ద భవనానికీ మధ్య ఇరుక్కుని ఒక పాత కథోలిక గుడి ఉంది చూడండి, మీరు ఒకసారి "ఇదేంటి, గోడౌనా?" అన్నారు, అదే. అక్కడ పూజ జరిపే పీఠం మీద పరిచే గుడ్డ చివికిపోయింది. దాని అంచుకున్న లేసు ఎవరో చేత్తో అల్లింది, ఇంకా గట్టిగానే ఉంది. దాన్ని విప్పి కొత్త గుడ్డకి వేయాలి. పాతది ఉతికి ఉతికి కుంచించుకుపోయింది కాబట్టి కొలతలు అక్కడికే వెళ్లి తీసుకురమ్మంది మా కొట్టావిడ.

ఆ తలుపు ఎంత పొట్టిదంటే నేనే తల వంచాను, మీరైతే నుదుటికి బొప్పి కట్టించుకునేవారు. లోపల మన ఇల్లూ మా కొట్టూ కలిపితే ఎంతో అంతే. జనం కూర్చుని కూర్చుని బల్లలు నున్నగా అరిగిపోయాయి. గోడలు బాగా మందం, బయటి హారన్లన్నీ లోపల గొణుగుడులా వినిపిస్తాయి. ఒక పక్క మేరీమాత బొమ్మ, నీలం ముసుగు అక్కడక్కడా పెచ్చులూడి ఉంది. నాకా దేవుడితో పరిచయం లేదు. ఏం చేయాలో తెలీక టేపు పట్టుకుని నిలబడిపోయాను. తాళాలు చూసుకునే పెద్దావిడ వచ్చి, "కొలిచేది పీఠాన్నేనా, దేవుణ్ణి కూడానా?" అని నవ్వింది.

గుడ్డ ముందువైపు ఎంతవరకు దిగాలో చూడ్డానికి మోకాళ్ల మీద కూర్చున్నాను. నేలంతా కాల్చిన ఇటుక పలకలే. నా చెయ్యి ఆనిన పలకలో ఒక గుంట తగిలింది. వంగి చూస్తే చిన్న పాదం. అయిదు వేళ్లూ విడివిడిగా ఉన్నాయి.

"ఇదేంటండీ?" అన్నాను.

"ఇటుకలు కాల్చేవాళ్లు కట్టుకున్న గుడమ్మా ఇది. పచ్చి పలకలు ఆరబెడితే ఎవరి పిల్లో తొక్కేసింది. పనికిరాదని పారేయబోతే ఆ పిల్ల తల్లి ఒప్పుకోలేదట. పీఠం దగ్గరే వేయమందట."

"నిజమేనా?"

"ఎవరు చూశారు? రెండొందల ఏళ్ల నాటి మాట. మా అత్త నాకు చెప్పింది, ఆవిడకి వాళ్లత్త చెప్పింది."

ఆ పాదంలో నా నాలుగు వేళ్లు సరిగ్గా పట్టాయి. అంతే, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఏడుపు, ఆపుకోవడం నావల్ల కాలేదు. ఆవిడ పక్కనే కూర్చుని, నా చేతిలోంచి జారిన టేపుని మెల్లగా చుట్టింది.

ఆవిడ అడగనిది మీకు చెప్తున్నాను. కాన్పు రోజు ఆసుపత్రిలో నర్సు వచ్చి "పాపని చూస్తారా?" అని అడిగింది. నేను మత్తులో ఉన్నాను, కానీ నాకు వినపడింది. నేను నోరు తెరిచేలోపే మీరు "వద్దులెండి" అన్నారు. తొమ్మిది నెలలు మోసినదాన్ని, నా బిడ్డ మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఎవరో ఇటుకలవాళ్ల పిల్ల పాదం చూశాను, నా కూతురి పాదం చూడలేదు. ఇంటికి వచ్చేసరికి ఉయ్యాల కూడా లేదు. ఆ మర్నాడే మీరు సొరంగం పనికి వెళ్లిపోయారు. వచ్చినప్పుడల్లా కుళాయి బాగుచేశారు, తలుపు గడియ బిగించారు. పాప ఊసు మాత్రం ఎత్తలేదు.

మీరు చెడ్డవారని అనను. కానీ మీ పక్కన కూర్చుని అన్నం తినలేకపోతున్నాను. మా అక్క తన ముందుగది ఖాళీ చేస్తానంది. ఈ గుడ్డ పని అప్పజెప్పగానే కుట్టుమిషన్ తీసుకుని అక్కడికి వెళ్లిపోతాను. తాళంచెవి కింది ఇంటావిడ దగ్గర ఉంటుంది.

మీ
కత్తెరమ్మ

*

కత్తెరమ్మకి,

నీ ఉత్తరం సొరంగంలోకి తీసుకెళ్లి, హెల్మెట్ లైటు వెలుగులో రెండోసారి చదివాను. మేస్త్రీ "ఏంట్రా, ఏడుస్తున్నావా?" అంటే కళ్లలో దుమ్ము పడిందన్నాను. ఇక్కడ ఆ మాట ఎవరైనా నమ్ముతారు.

ఆ రోజు నీకు రక్తం ఆగడం లేదు. డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి, ఆవిణ్ణి ఇప్పుడు కదిలించొద్దు, ఏ కబురూ చెప్పొద్దు అంది. నేను లోపలికి రాగానే నర్సు నిన్ను అడుగుతోంది. ఇప్పుడు వద్దులెండి అందామనుకున్నాను. 'ఇప్పుడు' అన్న ముక్క నోట్లోనే ఉండిపోయిందేమో. నీకు తెలివి వచ్చేసరికి పాపని ఇంకా ఉంచడం కుదరదన్నారు.

నేను చూశాను. ఎత్తుకున్నాను కూడా. నీ చెవులే, పైన కొద్దిగా మడతపడి ఉంటాయే, అచ్చం అవే. గడ్డం మాత్రం నాది, పాపం. గోళ్లు పొడుగ్గా ఉన్నాయి, బతికి ఉంటే మొదటి రోజే నీకు పని పెట్టేది. నువ్వు కుట్టిన పసుపు టోపీ పెట్టాను. అది పెద్దదై కళ్ల మీదికి జారింది. నేను పైకి లాగాను. మళ్లీ జారింది. అలా చాలాసేపు లాగుతూ కూర్చున్నాను. శ్మశానంలో తూర్పు గోడ వారన, నీళ్ల తొట్టి దగ్గర పడుకోబెట్టాను. మీ నాన్నగారు తోడు వచ్చారు. నీకు చెప్పొద్దని ఆయన చేత ఒట్టు వేయించింది నేనే. ఉయ్యాల దాచిందీ నేనే. పారేయలేదు, మీ నాన్నగారి అటక మీద ఉంది.

చెప్తే నువ్వు తట్టుకోలేవని ఊరుకున్నానంటే అది అబద్ధం. చెప్పడం నావల్ల కాలేదు. కుళాయి అయితే బాగుచేయగలను.

సెలవు పెట్టాను, వచ్చే వారం వస్తున్నాను. మీ అక్క దగ్గరికి వెళ్లాలంటే వెళ్లు, ఆపను. మిషన్ మాత్రం నువ్వు ఎత్తకు, నడుం పట్టేస్తుంది. నేనొచ్చి దింపుతాను.

నీ
సొరంగం దొర

*

శ్రీవారికి,

మీ ఉత్తరం అందింది. నాన్న దగ్గరికి వెళ్లి దెబ్బలాడాను. ఆయన వెళ్లి అటక మీంచి ఉయ్యాల దించారు. ఇద్దరం దుమ్ము తుడిచి మళ్లీ పైన పెట్టాం.

గుడ్డ అప్పజెప్పాను. పెద్దావిడ దాన్ని పీఠం మీద పరిచి, చుట్టూ తిరిగి చూసి, లేసు ఎక్కడ అతికానో కనపడ్డం లేదంది. మన గొడవ సంగతి ఆవిడకి చెప్పలేదు. నిజానికి అది ఇంకా తేలలేదు. కోపం ఇంకా ఉంది, ఇలా రాస్తుంటే కూడా ఉంది. అయినా ఇప్పుడు అక్క దగ్గరికి వెళ్లడం లేదు. ఆ మాట చెప్తే గదంతా ఖాళీ చేయించానని నన్ను నాలుగు దులిపింది.

రండి. బస్టాండ్ నుంచి ఇంటికి వద్దు, తిన్నగా తూర్పు గోడ దగ్గరికే పోదాం. చెవులు, గడ్డం, గోళ్లు రాశారు. టోపీ కింద జుట్టు ఉందో లేదో రాయలేదు. ఉంటే ఉంగరాలు తిరిగి ఉందా, సాదాగా ఉందా? దారిలో గుర్తు తెచ్చుకోండి. మర్చిపోయానంటే ఊరుకోను.

మీ
కత్తెరమ్మ