మూడుకీ నాలుగుకీ చప్పట్లు

మంగళవారం, గురజాల

లెక్కలకి భయపడి బడి మానేస్తానంటున్న ఆరో తరగతి షబానా చేత ఈరోజు బల్ల మీద దరువు వేయించాను. క.సా.గు. పాఠం. సగం క్లాసు ప్రతి మూడో దెబ్బకీ, మిగతా సగం ప్రతి నాలుగో దెబ్బకీ చప్పట్లు కొట్టాలి. పన్నెండో దెబ్బకి అందరి చప్పట్లూ ఒక్కసారే పడి గది దద్దరిల్లింది.

"మళ్ళా ఇరవై నాలుగుకి కలుస్తాయి గదా మేడం!" షబానా అరిచేసింది.

ఆ చప్పుడుకి హెడ్‌మాస్టరు గారొచ్చారు. "ఏందమ్మా ఈ గోల? సిలబస్ ఎప్పుడవుద్ది?"

నిజమే. పరీక్షలో చప్పట్లు కొట్టనివ్వరు. ఆ దిగులు నాకూ ఉంది.

సాయంత్రం గేటు దగ్గర షబానా నన్ను ఆపింది. "అయిదూ ఏడూ ఎక్కడ కలుస్తాయో చెప్పొద్దు మేడం. ఇంటికాడ నేనే కొట్టి చూసి, రేపొచ్చి చెప్తా."