మమత మార్చుకున్న గిటారు

పుంగనూరు.

చిరంజీవి హేమంత్‌కు అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నీ భార్య మమతా క్షేమం. ఆవులు రెండూ క్షేమమే. ఆ మంచుకొండల్లో డ్యూటీ చేస్తూ నీ ఒళ్లు ఎట్లా ఉందోనని మాత్రం దిగులు. ఫోను రెండు మాటలకే తెగిపోతోంది కనుక చెప్పాల్సిందంతా కాగితం మీద పెడుతున్నాను.

నా మోకాళ్ల సంగతి అడిగావు. మెట్లు దిగేటప్పుడే నొప్పి, ఎక్కేటప్పుడు లేదు. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. టమాటా ఈసారి పెట్టలేదు. పెట్టినవాళ్లు మదనపల్లె మార్కెట్టుకు తోలి, ధర చూసి, మొహాలు వేలాడేసుకుని వచ్చారు.

"గిటారు మాటెత్తితే మమత మాట మార్చేస్తోంది, ఎందుకు?" అని కూడా రాశావు. దానికి జవాబు నేనే చెప్పాలి.

పెళ్లయిన ఏడాది నువ్వు బెంగళూరు నుంచి తెచ్చిన ఆ గిటారు ఎంత మంచిదో నాకూ తెలుసు. సాయంత్రం అది మోగుతుంటే పాలు పితికేదాన్ని చేయి ఆపి వినేదాన్ని. కానీ నాయనా, అది ఇంట్లో వాయించుకునే గిటారు. మమతా, పక్కింటి టైలరు ఉషా కలిసి పెళ్లిళ్లలో పాడటం మొదలుపెట్టాకే దాంతో కష్టం తెలిసింది.

చౌడేపల్లె రిసెప్షన్‌కు నేనూ తోడు వెళ్లాను. మైకు దగ్గర పెడితే కుయ్యోమని అరిచింది, దూరం జరిపితే వినపడలేదు. కింద నుంచి ఎవరో "యాలమ్మా ఆ పెట్టె? ఉత్తగా పాడితే సాల్దా!" అంటే జనం నవ్వారు. ఫొటోలకు వచ్చినవాళ్లు తోసుకుంటుంటే మమత దాన్ని పసిబిడ్డలా హత్తుకుని, వాయించడమే మానేసింది.

తిరుగు బస్సులో, "నా ధ్యాసంతా దీని మీదే ఉండాదత్తా. పాట మీద లేదు" అంది.

"అట్లయితే మార్చేయి."

"ఎట్ల ఇచ్చేదత్తా? ఆయప్ప ఆశపడి తెచ్చింది."

"వాడు నిన్ను వాయించమని తెచ్చినాడా, కాపలా కాయమని తెచ్చినాడా?"

బస్టాండులో దిగాక, "మార్చేదానికి నువ్వూ తోడొస్తావా?" అని అడిగింది.

అవును హేమంత్, మార్చేయమన్న మాట నాదే. నీకు చెప్పొద్దన్నదీ నేనే. నువ్వు వద్దంటావని కాదు. సరేనంటూనే లోపల బాధపడతావని.

మదనపల్లెలో ఆదినారాయణ అని ఒక సారు ఉన్నాడు. ఒకప్పుడు ఆర్కెస్ట్రా నడిపి, ఇప్పుడు ఇంట్లోనే పిల్లలకు సంగీతం చెబుతున్నాడు. నీ గిటారు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని మీటాడు. బదులుగా తన స్టేజీ గిటారూ, నాలుగు లావు తీగల బేస్ గిటారూ ఇచ్చాడు. స్టేజీ గిటారుకు మైకు లోపలే ఉంటుందట, వైరు గుచ్చితే చాలు. గేటు దాటాక మమత ఏడ్చింది. నేను ఊరడించలేదు. బేస్ గిటారు భుజాన వేసుకుని ముందు నడిచాను.

బేస్ ఇప్పుడు ఉష వాయిస్తోంది. మిషను తొక్కే మనిషి కదా, లయ త్వరగా పట్టుకుంది.

కిందటి వారం కుప్పంలో పెళ్లి. చినుకులు పడుతున్నా మమత ఆపలేదు. స్టేజీ ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూ, నవ్వుతూ వాయించింది. కుర్చీల్లో వాళ్లు లేచి నిలబడ్డారు. నా కోడలు అంత ధైర్యంగా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు నాయనా. నా గుండె నిండిపోయింది.

ఇంకొక్కటి కూడా చెప్పేస్తాను. నడుమ మమత నన్ను చేయి పట్టి పైకి లాగి, "అత్తా, కలుపు తీసేటప్పుడు పాడతావే, అది ఎత్తుకో" అంది. కొంగు నడుముకు దోపుకున్నాను. పాడాను. గిటార్లు రెండూ నా వెంటే వచ్చాయి. కింద ఒకామె "ఎవురమ్మా ఆ పెద్దామె?" అని అరిస్తే, మమత మైకులో "మా అత్త! ఇంకో పాట కూడా ఉండాది!" అంది.

దాన్ని ఏమీ అనొద్దు. అనాలంటే నన్ను అను. సెలవు దొరికితే మాత్రం ముందుగా రాసి, మేము ఖాళీగా ఉన్నామో లేదో కనుక్కుని బయలుదేరు. ముహూర్తాల రోజుల్లో ఇంటికి తాళం ఉంటుంది.

ఇట్లు,
మీ అమ్మ,
మమతతో పాడే శారదమ్మ.